మనిషిని వెనక్కి పిలిచాడు, మాటను పిలవలేదు: కుర్చీ భయం గురించి విదురుడు నేర్పే పాఠం



ఈ వారం వీడియోలో ధృతరాష్ట్రుడు విదురుణ్ణి వెళ్ళగొట్టిన కథ చెప్పుకున్నాం. కథైతే చెప్పేశాను. కానీ ఆ కథ నన్నెందుకు ఇంతగా పట్టుకుందో కెమెరా ముందు చెప్పలేకపోయాను. సిగ్గేసింది. అందుకే ఇక్కడ రాస్తున్నా.

మీలో టీమ్ లీడ్‌లు ఉంటారు, మేనేజర్లు ఉంటారు, నలుగురిని పెట్టుకుని సొంతంగా షాపు నడిపేవాళ్ళు ఉంటారు. వాళ్ళ కింద పనిచేసేవాళ్ళు అంతకంటే ఎక్కువమంది ఉంటారు. ఇది ఇద్దరి కోసమూ.

ముందు నా తప్పు

కొన్నేళ్ళ క్రితం హైదరాబాద్‌లో ఒక ఆఫీసులో నన్ను టీమ్ లీడ్‌ని చేశారు. నిన్నటిదాకా పక్కసీట్లో కూర్చుని కలిసి టీ తాగినవాళ్ళు ఇవాళ నేను చెప్పినట్టు చెయ్యాలి. పైకి నవ్వుతూనే ఉన్నా గానీ లోపల ఒకటే గుబులు. వీళ్ళు నన్ను నిజంగా లీడ్‌గా ఒప్పుకున్నారా? లేక వెనకాల నవ్వుకుంటున్నారా?

ఒకరోజు రివ్యూ కాల్. పై మేనేజర్ కూడా లైన్‌లో ఉన్నారు. ఫలానా తేదీకి పని ఇచ్చేస్తామని నేను ధీమాగా చెప్పా. మా టీమ్‌లో అందరికంటే చిన్నమ్మాయి అన్‌మ్యూట్ చేసుకుని, "ఆ తేదీకి కష్టమండీ. టెస్టింగ్‌కి ఇంకో వారం కావాలి. ఇప్పుడే పంపిస్తే పాత డేటా దెబ్బతింటుంది" అంది.

ఆమె మాట్లాడింది పని గురించి. నాకు వినిపించింది మాత్రం "ఈ మనిషికి ఈ కుర్చీ తగదు" అని.

"తర్వాత విడిగా మాట్లాడదాం" అని కట్ చేశా. విడిగా ఎప్పుడూ మాట్లాడలేదు. రెండు మీటింగులకి ఆమెను పిలవలేదు. ఎందుకని అడిగితే, "నువ్వు చెప్పింది కాదు, చెప్పిన తీరు బాలేదు" అన్నా. అప్రైజల్‌లో ఆమె గురించి "ప్రవర్తన మెరుగుపరుచుకోవాలి" అని రాశా.

నేను చెప్పిన తేదీకే పని పంపించాం. ఆమె చెప్పినట్టే డేటా దెబ్బతింది. రెండు రాత్రులు ఎవరికీ నిద్ర లేదు. సరిచేసిన వాళ్ళలో ముందున్నది ఆ అమ్మాయే.

అప్పుడు నాకు సిగ్గేసి, కిందికి తీసుకెళ్ళి టీ తాగించి, సారీ చెప్పా. ఆమె కూడా "పర్లేదండీ" అంది. నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నా. రెండు నెలల తర్వాత వేరే టీమ్‌కి మార్పించుకుని వెళ్ళిపోయింది. సారీ చెప్పాక కూడా ఎందుకు వెళ్ళిపోయిందో నాకు చాలాకాలం అర్థం కాలేదు. దానికి జవాబు అరణ్యపర్వంలో దొరికింది.

హస్తినలో ఏం జరిగింది?

జూదం అయిపోయింది. పాండవులు అడవికి వెళ్ళిపోయారు. ధృతరాష్ట్రుడికి మనసు మనసులో లేదు. ప్రజలు ఏమనుకుంటున్నారో, రేపు ఏమవుతుందో అని భయం. విదురుణ్ణి పిలిపించి అడిగాడు: నీ బుద్ధి నిర్మలమైనది, నువ్వు మా ఇద్దరినీ సమంగా చూసేవాడివి, మాకూ వాళ్ళకూ ఏది మేలో చెప్పు.

ఈ ఒక్క విషయం గమనించండి. అడిగింది రాజే. విదురుడు పిలవకుండా వచ్చి చెప్పలేదు.

విదురుడు ఉన్నదున్నట్టు చెప్పాడు. రాజ్యానికి మూలం ధర్మం. పాండవులది పాండవులకు ఇచ్చెయ్యి. దుర్యోధనుడు ఒప్పుకోకపోతే వాణ్ణి అదుపులో పెట్టు. దుశ్శాసనుడు నిండుసభలో భీముణ్ణీ ద్రౌపదినీ క్షమించమని అడగాలి.

ధృతరాష్ట్రుడికి మండిపోయింది. నువ్వు చెప్పేదంతా వాళ్ళ మేలు కోసమే, నా మేలు కోసం కాదన్నాడు. నా శరీరంలోంచి పుట్టిన కొడుకుని వాళ్ళ కోసం ఎలా వదులుకుంటానన్నాడు. ఉంటే ఉండు, పోతే పో అని లేచి లోపలికి వెళ్ళిపోయాడు. విదురుడు గొడవపడలేదు. రథమెక్కి కామ్యకవనంలో ఉన్న పాండవుల దగ్గరికి వెళ్ళిపోయాడు.

కొంతసేపటికే రాజుకు పశ్చాత్తాపం మొదలైంది. సభాద్వారం దగ్గరికొచ్చి అందరూ చూస్తుండగా మూర్ఛపోయాడు. తేరుకుని సంజయుణ్ణి పంపాడు, నా తమ్ముణ్ణి తీసుకురా అని. విదురుడు వచ్చాడు. రాజు దగ్గరికి తీసుకుని, నేనన్న మాటలు క్షమించమన్నాడు. ఎప్పుడో క్షమించానన్నాడు విదురుడు. నాకు నీ కొడుకులూ పాండురాజు కొడుకులూ ఒక్కటే, కాకపోతే ఇప్పుడు కష్టంలో ఉన్నవాళ్ళ వైపు మనసు పోతోందని కూడా చెప్పాడు.

చిన్నప్పుడు ఈ కథ విన్నప్పుడు అన్నదమ్ములు కలిసిపోయారు, బాగుంది అనుకున్నా. పెద్దయ్యాక మళ్ళీ చదివితే ఒక ప్రశ్న వచ్చింది. విదురుడు చెప్పిన మాట ఏమైంది?

ఏమీ కాలేదు. రాజ్యం తిరిగివ్వలేదు. సభలో క్షమాపణ లేదు. దుర్యోధనుడికి అదుపు లేదు. మనిషిని వెనక్కి పిలిచాడు గానీ, ఆయన మాటను పిలవలేదు.

ఏళ్ళ తర్వాత ఉద్యోగపర్వంలోనూ అదే. నిద్రపట్టని రాత్రి మళ్ళీ విదురుణ్ణే పిలిపించుకున్నాడు. మనం విదురనీతి అని చెప్పుకునేదంతా ఆ రాత్రి చెప్పిందే. అంతా విని చివరికి ఆ రాజు అన్నదేంటంటే, నువ్వు చెబుతుంటే నిజమే అనిపిస్తుంది, దుర్యోధనుడు కనబడగానే నా మనసు మారిపోతుంది అని.

నేను టీ తాగించి చెప్పిన సారీ కూడా అదే రకం. అప్రైజల్‌లో రాసిన వాక్యం మార్చలేదు. తేదీలు నిర్ణయించే పద్ధతి మార్చలేదు. పై మేనేజర్‌కి "ఆరోజు ఆమె చెప్పిందే కరెక్ట్" అని ఒక్క మెయిల్ కూడా పెట్టలేదు. నా మనసు తేలికపడింది, అంతే. ఆమె రికార్డు మీద బరువు అలాగే ఉంది.

అసలు ఆ భయం ఎక్కడిది?

ధృతరాష్ట్రుడు పెద్దకొడుకు. అయినా చూపు లేదని సింహాసనం పాండురాజుకి వెళ్ళింది. పాండురాజు అడవికి వెళ్ళాకే ఈయన చేతికొచ్చింది. అంటే ఎంతకాలం కూర్చున్నా, ఈ కుర్చీ నిజంగా నాదేనా అనే ముల్లు లోపల ఉంది. అలాంటివాడికి "పాండవులది పాండవులకు ఇవ్వు" అన్న సలహా సలహాలా వినబడదు. "నువ్వు దిగిపో" అన్నట్టే వినబడుతుంది.

ఈ సంగతిని ఇప్పటి పరిశోధకులు కూడా పరీక్షించి చూశారు. 2009లో నథానియెల్ ఫాస్ట్, సెరీనా చెన్ అనే ఇద్దరు ఒక అధ్యయనం ప్రచురించారు. వాళ్ళు కనుక్కున్నదేంటంటే, అధికారం ఒక్కటే మనిషిని దూకుడుగా మార్చదు. చేతిలో అధికారం ఉండి, లోపల "నాకు ఇది చేతకాదేమో" అనే భావన కూడా ఉన్నప్పుడు ఎదుటివాళ్ళ మీద విరుచుకుపడటం పెరుగుతుంది. వాళ్ళకి తమ మీద తమకు విలువ కలిగించినప్పుడు ఆ దూకుడు తగ్గింది. 2014లో ఫాస్ట్ ఇంకో ఇద్దరితో కలిసి చేసిన పనిలో, తన సామర్థ్యం మీద నమ్మకం తక్కువున్న మేనేజర్లు ఉద్యోగుల సలహాలు అడగడానికే ఇష్టపడరని తేలింది.

అంటే గట్టిగా అరిచే బాస్ బలవంతుడని మనం అనుకుంటాం గానీ, చాలాసార్లు ఆ అరుపు వెనక ఉన్నది భయం.

భగవద్గీత పదహారో అధ్యాయంలో శ్రీకృష్ణుడు దైవీసంపదలోని గుణాలు వరసగా చెబుతాడు కదా. అందులో మొట్టమొదటిది అభయం. దానం, సత్యం, అహింస, శాంతి అన్నీ దాని తర్వాతే. నాకు అర్థమైనంతలో కారణం ఇదీ: లోపల భయం ఉన్నవాడు నిజం వినలేడు, వినలేనివాడు న్యాయం చెయ్యలేడు.

తంగళ్ళపల్లి సాంచల మధ్య విన్న మాట

ఆ అమ్మాయి టీమ్ మారిన నెలలోనే మా ఊరెళ్ళా. మాది తంగళ్ళపల్లి. సిరిసిల్ల పక్కనే, మధ్యలో మానేరు వాగు. బతుకమ్మ చీరలు నేసిన ప్రాంతం అంటే మీకు వెంటనే గుర్తొస్తుంది. మేం మరమగ్గాలను సాంచలంటాం. మా పెద్దబాపు ఆసామి. అంటే సేటు దగ్గర్నుంచి నూలు బీములు తెచ్చుకుని, తన షెడ్డులో కార్మికులతో నేయించి, బట్ట అప్పజెప్పి కూలి తీసుకునే మనిషి. పైన సేటు, కింద కార్మికులు, మధ్యలో ఈయన. ఒకరకంగా టీమ్ లీడ్ ఉద్యోగమే.

నా ముఖం చూసి, "ఏందిరా బిడ్డా, గట్ల ఉన్నవు?" అన్నాడు. చెప్పా. సాంచల చప్పుడులో గట్టిగా అరుస్తూ నా తప్పు చెప్పుకోవడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. విని, బయట అరుగు మీదికి తీసుకొచ్చి తన కథ చెప్పాడు.

చాలా ఏళ్ళ కింద, వారం పైసలు ఇచ్చేరోజు ఒక కార్మికుడు అందరి ముందు అన్నాడట, "అన్నా, నా మీటర్లు తక్కువ రాసినవు" అని. నేసిన బట్టను బట్టే కూలి కదా, మీటర్లు తగ్గితే ఇంట్లో బియ్యం తగ్గినట్టే. కానీ అదే వారం సేటు పెద్దబాపుని పిలిచి, బట్టలో తప్పులొస్తున్నాయి, ఇట్లయితే బీములు వేరేవాళ్ళకిస్తా అని బెదిరించి ఉన్నాడు.

"ఆ బుగులు నా కడుపుల ఉన్నది. వాడు లెక్క అడిగితే, నన్ను దొంగ అన్నట్టు ఇనబడ్డది. ఇష్టముంటే ఉండు, లేకుంటే పో అన్న."

ఉంటే ఉండు, పోతే పో. హస్తినలో అన్న మాటే. పెద్దబాపు మహాభారతం చదివి ఆ మాట అనలేదు. భయపడ్డవాడి నోట్లోంచి ఎక్కడైనా అదే మాట వస్తుంది.

ఆ కార్మికుడు పక్క షెడ్డుకి వెళ్ళిపోయాడు. రెండ్రోజులకి నోటుబుక్కు మళ్ళీ చూస్తే, ఒకరోజు దింపిన బట్ట రాయడమే మర్చిపోయాడు పెద్దబాపు. తప్పు తనదే. పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళి, రావాల్సిన పైసలు చేతిలో పెట్టి, తప్పయింది తమ్మీ రా అన్నాడు. అతను వచ్చాడు.

"గంతేనా?" అన్నా నేను. నా సారీ కూడా అక్కడిదాకా వచ్చిందే కదా.

"గంతేనైతే మల్ల అదే అయితుండె. ఆయింత నుంచి బట్ట దించినప్పుడల్లా ఇద్దరం నిలబడి కొలుస్తం. నా బుక్కుల రాస్త, వాని బుక్కుల వాడు రాసుకుంటడు. మనిషిని తోల్కచ్చుడు అల్కన బిడ్డా. లెక్క మార్సుడే కష్టం."

ఒక్క నోటుబుక్కు రెండయింది. అంతే చేసింది. కానీ ఆ రెండో నోటుబుక్కు వల్ల ఇంకెవరూ ధైర్యం చేసి, నలుగురిలో నిలబడి, అవమానం పడి అడగాల్సిన పని లేకుండా పోయింది. తన కుర్చీకి అదేమీ తక్కువ కాలేదు. పక్క షెడ్లవాళ్ళు కూడా వచ్చి ఆ పద్ధతి చూసిపోయారట.

రాజన్న గుడికి పోతూ

మర్నాడు సోమవారం. ఇద్దరం వేములవాడ వెళ్ళాం. ధర్మగుండం దగ్గర కాళ్ళు కడుక్కుని, కోడె మొక్కు చెల్లించేవాళ్ళ వరసలో నిలబడి ఉన్నప్పుడు నాకు ఆ ఊరి పాత కథ గుర్తొచ్చింది.

పదో శతాబ్దంలో వేములవాడను ఏలిన చాళుక్యులు రాష్ట్రకూట చక్రవర్తులకు సామంతులు. అప్పటి చక్రవర్తి నాలుగో గోవిందుడు. ఆయన ఆగ్రహానికి గురైన ఒక చాళుక్య ప్రభువు వచ్చి వేములవాడ రాజు రెండో అరికేసరిని శరణు వేడాడు. అప్పగించమని చక్రవర్తి పట్టుబట్టాడు. అరికేసరి ఇవ్వనన్నాడు. సేనలు వచ్చాయి, ఓడిపోయాయి. చివరికి గోవిందుడే సింహాసనం పోగొట్టుకున్నాడు, మూడో అమోఘవర్షుడు రాజయ్యాడు. ఈ సంగతిని అరికేసరి ఆస్థానకవి పంపడు 941లో పూర్తిచేసిన విక్రమార్జున విజయంలో చెప్పాడు. గెలిచినవారి కవి చెప్పిన కథ కాబట్టి కొంచెం ఆచితూచి తీసుకోవాలి. అయినా ఒక పాఠం మిగులుతుంది. ఎదురన్నవాడల్లా శత్రువే అనుకుంటూ పోతే, ఆ భయమే నిజమైన శత్రువులను తయారుచేసి పెడుతుంది.

మరి రాముడు ఏం చేశాడు?

విభీషణుడు సముద్రం దాటి వచ్చి ఆకాశంలో నిలబడ్డ ఘట్టం తీసుకోండి. అప్పుడు రాముడి పరిస్థితి ఏంటి? రాజ్యం లేదు. సీతమ్మ పక్కన లేదు. ఉన్న సేన కూడా సుగ్రీవుడిది. భయపడటానికి ఇంతకంటే కారణాలు కావాలా?

సుగ్రీవుడు వద్దన్నాడు, వీడు రావణుడు పంపిన వాడన్నాడు. రాముడు అందరినీ అడిగాడు. అంగదుడు పరీక్షించాలన్నాడు. శరభుడు గూఢచారిని పంపమన్నాడు. జాంబవంతుడు వచ్చిన వేళా చోటూ అనుమానంగా ఉన్నాయన్నాడు. మైందుడు మెల్లగా మాట్లాడి తెలుసుకుందామన్నాడు. హనుమంతుడు మాత్రం ఇతని మాటలో, ముఖంలో దోషం కనబడలేదు, చేర్చుకోవచ్చన్నాడు.

రాముడు అన్నీ విన్నాడు. సుగ్రీవుడు మళ్ళీ అడ్డం చెప్పాడు, ఆపదలో అన్ననే వదిలినవాడు రేపు ఎవరిని వదలడు అని. చూడండి, సుగ్రీవుడు స్వయంగా అన్నతో రాజ్యం కోసం పోరాడిన మనిషి. ఆయన మాటలో ఆయన గాయం కూడా ఉంది. రాముడు కసురుకోలేదు, "నేను చెప్పాను కాబట్టి" అనలేదు. నవ్వి, కారణాలు వివరించి, శరణన్నవారిని కాపాడటం తన వ్రతమని చెప్పి, వెళ్ళి తీసుకురమ్మని ఆ పని సుగ్రీవుడికే అప్పగించాడు. సుగ్రీవుడు మనస్ఫూర్తిగా ఒప్పుకున్నాడు.

ఇక్కడ ఒక మాట స్పష్టం చేసుకుందాం. రాముడు అందరి మాటా వినడం అంటే అందరి మాటా ఒప్పుకోవడం కాదు. చాలామంది సలహాను ఆయన పక్కన పెట్టాడు. నిర్ణయం తనదే. కానీ ఎదురు చెప్పినందుకు ఎవరి స్థానమూ తగ్గలేదు. ఎదురు చెప్పే ప్రతివాడూ విదురుడు కాడు, కొందరు తప్పు చెబుతారు, కొందరు పని ఎగ్గొట్టడానికి చెబుతారు. లీడర్ కాదనాల్సి వస్తుంది. కాదన్నప్పుడు కారణం చెప్పగలగాలి.

ఈ వారం సాధన

కుర్చీలో ఉన్నవాళ్ళకి మూడు పనులు.

ఒకటి. ఎవరైనా ఎదురు చెప్పగానే జవాబివ్వకండి. వాళ్ళన్నది వాళ్ళ మాటల్లోనే రాసుకోండి. కాగితం మీద చూస్తే అది తేదీ గురించో, డబ్బు గురించో ఉంటుంది, మీ గురించి ఉండదు.

రెండు. "చెప్పిన తీరు బాలేదు" అని నోటిదాకా వస్తే ఆగండి. చెప్పిన విషయానికి ముందు జవాబు చెప్పండి, తీరు సంగతి తర్వాత. నేనైతే విషయాన్ని తప్పించుకోవడానికే తీరుని పట్టుకున్నాను.

మూడు. సారీ చెప్పాక, ఏ లెక్క మారింది అని అడగండి. ఏ రికార్డు సరిచేశారు? ఏ పద్ధతి మార్చారు? ఎవరి ముందు తక్కువ చేశారో వాళ్ళ ముందే ఆ మాట వెనక్కి తీసుకున్నారా? ఇవేవీ లేకపోతే ఆ సారీ మన కోసం చెప్పుకున్నదే.

కింద పనిచేసేవాళ్ళకి ఒక మాట. విదురుడికి వెళ్ళడానికి కామ్యకవనం ఉంది. మీకు అద్దె ఉంది, ఈఎంఐ ఉంది, నాకు తెలుసు. అందుకని వీలైతే ముందు విడిగా చెప్పండి. మనిషి గురించి కాకుండా పని గురించే చెప్పండి. ఇతరులకి నష్టం జరిగే విషయమైతే రాతపూర్వకంగా పెట్టండి. అంత చేసినా బాస్ మండిపడితే, ఆ మంట మీరు పెట్టింది కాదు. మీరు రాకముందే అక్కడ ఉంది.

ఇక నా సంగతి. ఊరి నుంచి తిరిగొచ్చాక హెచ్‌ఆర్‌కీ, ఆరోజు కాల్‌లో ఉన్న పై మేనేజర్‌కీ కలిపి మెయిల్ రాశా. తేదీ విషయంలో ఆమె చెప్పిందే సరైనదని, అప్రైజల్‌లో నేను రాసిన వాక్యం అన్యాయమని, దాన్ని తీసేయమని. పంపే బటన్ మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నా. కుర్చీ పోతుందేమో అని అప్పుడు కూడా భయమేసింది. పోలేదు. పోయినా పంపాల్సిందే.

ఆ అమ్మాయికి కూడా కాపీ వెళ్ళింది. "థ్యాంక్యూ అండీ, రికార్డు మారినందుకు" అని ఒక్క లైన్ జవాబొచ్చింది. తిరిగి మా టీమ్‌కి రాలేదు. రావాలని నేను అడగలేదు కూడా.

ఇప్పుడు మా టీమ్‌లో తేదీ చెప్పేముందు పని చేసేవాళ్ళు వాళ్ళ అంచనా వాళ్ళే రాస్తారు, దాని పక్కన నాది రాస్తా. పెద్దబాపు రెండో నోటుబుక్కు అన్నమాట.

ఈరోజు దీపం పెట్టేటప్పుడు మీ విదురుడు ఎవరో ఒక్కసారి గుర్తుతెచ్చుకోండి. ఆ మనిషి మీతో మాట్లాడుతూనే ఉండొచ్చు. కానీ ఆ రోజు చెప్పిన మాట ఇంకా అడవిలోనే ఉందేమో చూడండి.

వచ్చే వారం కలుద్దాం. ఓం నమశ్శివాయ.